కళ్ళు మూసుకుని వేసిన ఒట్లు

మా అమ్మాయి హన్విక ఈమధ్య కొన్నాళ్ళపాటు నాకు కాపలా కాసింది. రెండో తరగతి పిల్ల. బడి నుంచి రాగానే బ్యాగు గుమ్మంలో పడేసి ముందు నేనెక్కడున్నానో చూసుకునేది. వంటింట్లో ఉంటే వంటింటి గడప మీద కూర్చునేది. స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి, "అమ్మా, ఉన్నావా?" అని అడిగేది. ఉన్నానని చెప్పాక కూడా కదిలేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తుంటే ముక్కు కింద ఏదో తగిలినట్టయి కళ్ళు తెరిచాను. దాని వేలు. ఊపిరి ఆడుతోందో లేదో చూస్తోంది. ఏంటే అంటే, "ఏం లేదు, పడుకో," అంది. పడుకోమంటే పడుకోగలిగే స్వభావం కాదు నాది. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని. పిల్లలకి కొన్ని విషయాలు ముందే తెలుస్తాయంటారు. అలా ఎవరంటారో, వాళ్ళకెలా తెలుసో నేనెప్పుడూ ఆరా తీయలేదు గానీ, మర్నాడే గాజువాకలో మేము ఎప్పుడూ వెళ్ళే క్లినిక్‌కి వెళ్ళి బీపీ చూపించుకున్నాను. నేను జువాలజీలో డిగ్రీ చేసినదాన్ని.

బీపీ బాగానే ఉంది. నర్సు నా చేతికి కట్టిన పట్టీ విప్పుతుంటే హన్విక ఆమె దగ్గరికి వెళ్ళి, "అమ్మ ఎప్పటిదాకా ఉంటుందండీ?" అని అడిగింది. ఆమె, "అయిపోయింది, ఇప్పుడే తీసుకెళ్ళిపోవచ్చు," అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో విషయం బయటపడింది. బడిలో మధ్యాహ్న భోజనంలో ఉడికించిన గుడ్డు పెడతారు. మా పిల్లకి తెల్లసొన ఇష్టం, పచ్చసొన పడదు. ఆ సంగతి టీచర్‌కి చెప్పడానికి సిగ్గుపడి, పచ్చసొన కిటికీలోంచి బయట పడేస్తూ వచ్చింది. కిటికీ కింద టీచర్ స్కూటర్ పెట్టుకుంటుంది. ఒకరోజు టీచర్ తరగతి మొత్తాన్ని నిలబెట్టి, "అమ్మ తోడు, నేను కాదు," అని ఒక్కొక్కరి చేతా అనిపించింది. హన్విక వంతు వచ్చింది. అందరూ అంటున్నారు కదా అని తనూ అనేసింది.

"ఇప్పుడు నీకేదో అవుతుంది కదమ్మా," అంది. ఆటో అతను అద్దం సరిచేసుకుని నన్ను ఒకసారి చూశాడు.

ఏమీ కాదు అని అక్కడికక్కడే చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ఏమీ కాదని తెలిసిన పిల్ల రేపటి నుంచి దేనికైనా 'అమ్మ తోడు' అనేస్తుంది. అవుతుంది అని చెబితే, నా ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంటుంది. ఇంటికొచ్చాక మా ఆయన శ్రీనుని అడిగాను. ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేస్తారు, పుట్టి పెరిగింది ఇక్కడే, విశాఖపట్నంలోనే. "ఏటవుద్ది? నాను మాయమ్మ మీద ఎన్ని ఒట్లు ఏసీసానో నాకే తెల్దు. ఆవిడ ఇప్పటికీ నాకన్నా గట్టిగుంది," అన్నారు.

"అదే మాట దానికి చెప్తే రేపట్నుంచి ఏది నిజమో ఏది అబద్ధమో ఎలా తెలుస్తుందండీ?"

"అలాగైతే ఏదో అవుద్దని సెప్పు."

"చెప్తే అది నిద్రపోదు."

"మరైతే ఏటీ సెప్పకు," అని డ్యూటీకి వెళ్ళిపోయారు. ఈ ప్రపంచంలో తేలని ప్రశ్నలన్నీ ఆయన షిఫ్టు టైముకి తేలిపోతాయి.

మా బడి తల్లిదండ్రులకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. అందులోనూ అప్పుడు పిల్లలకి నీతి ఎలా నేర్పాలన్న చర్చే. బడిలో దేవుణ్ణి తీసేయడం వల్లే సమాజం ఇలా తయారైందని ఒక పెద్దమనిషి రోజూ పొద్దున్నే రాస్తాడు. శ్లోకాలు నేర్పాలంటాడు. ఇంకొకాయన, ప్రభుత్వ బడిలో ఎవరి దేవుడి శ్లోకాలని అడుగుతాడు. మూడో ఆవిడ దండం పెట్టే బొమ్మలు పెడుతుంది, అవి ఎవరి పక్షమో తెలియదు. సమాజం గురించి రాసే పెద్దమనిషి కారు బడి గేటుకి అడ్డంగా పెడతాడు, పిల్లలు దాని పక్కనుంచి ఒంటి కాలి మీద దూరి లోపలికి వెళ్తారు. నేను ఆ గ్రూపులో ఏమీ రాయను. రాయడానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా మా చిన్నప్పటి బడి. పిల్ల నిద్రపోయాక కూర్చుని అది రాస్తున్నాను.

మా నాన్నది గోదావరి జిల్లా. పోర్టులో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం వచ్చారు, వెనకే మా మామ్మ కూడా వచ్చేసింది. నగరంలో పాత ఊరు అనే చోట, హార్బరుకి దగ్గరలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది తడిగుడ్డ వాసనతో. పోర్టులో దించే ముడి ఇనుము, బొగ్గు దుమ్ము రాత్రికి రాత్రి వచ్చి కిటికీ ఊచల మీద, ఆరేసిన బట్టల మీద, బియ్యం డబ్బా మూత మీద పడేది. దేవుళ్ళ మీద కూడా. మామ్మ తెల్లారే స్నానం చేసి, ఒక్కో పటాన్నీ గోడ మీంచి దించి తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ తగిలించి, అప్పుడు బొట్టు పెట్టేది. తుడిచిన గుడ్డ పిండితే నీళ్ళు ఎర్రగా వచ్చేవి. "మా ఊళ్ళో దేవుళ్ళు ఇంత మాసేవారు కాదు," అనేది. తర్వాత కాఫీ గింజలు వేయించిన వాసన, అగరొత్తుల వాసన, ఎండుచేపల వాసన కలిసి వచ్చేవి. చేపలు మావి కావు, పక్కింటివాళ్ళవి. మామ్మ కిటికీ మూసేది. మూస్తే ఉక్కపోసేది, మళ్ళీ తెరిచేది. ఇది నా చదువు పూర్తయ్యేదాకా రోజూ జరిగింది.

ఒట్టు అనే మాట నేను మొదట విన్నది మామ్మ నోటే. వారానికోసారి నన్ను వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేది. ఇంట్లో అంత నిష్ఠగా ఉండే మనిషి అక్కడ కూరల బుట్ట ముందు కూర్చోగానే మారిపోయేది. "నా కళ్ళతోడు అబ్బాయ్, ఇవే వంకాయలు అవతల సగం ధరకి ఇస్తానన్నాడు," అనేది. అవతల మేము వెళ్ళనే లేదు. ఆ అబ్బాయి కూడా, "సింహాద్రి అప్పన్న తోడు మామ్మా, నాకు పడిందే అంత," అనేవాడు. అతనికీ అంత పడి ఉండదు. ఇద్దరూ ఇలా చెరో ఒట్టూ వేసుకుని, మధ్యలో ఎక్కడో ఒక ధరకి వచ్చి, నవ్వుతూ లేచేవారు. నేను పెద్దయ్యాక మామ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. వయసు వల్ల అని డాక్టరు చెప్పాడు. వంకాయల వల్ల అని ఆవిడ నమ్మకం. ఆపరేషన్ అయ్యాక కళ్ళు బాగా కనిపిస్తుంటే, అప్పన్న క్షమించాడని సింహాచలం వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చింది. కొండ దిగుతూ సంపంగి పూల దగ్గర మళ్ళీ కళ్ళతోడు అంది.

నేను చదివింది పాత ఊళ్ళోనే ఒక మున్సిపల్ హైస్కూల్లో. పొద్దున్నే ప్రార్థన. ముందు అందరికీ తెలిసిన గీతం, తర్వాత ప్రతిజ్ఞ, ఆ పైన ఒక శ్లోకం. ఆ శ్లోకం ఉండాలని ప్రభుత్వం చెప్పలేదు, ఉండకూడదని మా అప్పలరాజు మాస్టారికి ఎవరూ చెప్పలేదు. ఆయన సోషల్ చెప్పేవారు. శనివారం చివరి పీరియడ్ నీతి పాఠం కూడా ఆయనదే. పుస్తకం ఉండేది కాదు. "దేముడంటే బయిం ఉంటే నీతి దానంతటదే వస్తాది. బయిం లేకపోతే నాను ఎంత సెప్పినా రాదు," అనేవారు. పీరియడంతా ఆ వాక్యమే రకరకాలుగా చెప్పి గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. మంచి మనిషి. ఎవర్నీ కొట్టేవారు కాదు. శ్లోకం చెప్పేటప్పుడు నా బెంచీలో కూర్చునే షాహీన్ చేతులు కట్టుకుని నిలబడేది. వాళ్ళ నాన్నకి పాత ఊళ్ళోనే పరుపుల కొట్టు, అందుకని ఆ పిల్ల జడలో ఎప్పుడూ ఒక దూది పోగు ఉండేది. బెంచీలో మూడో పిల్ల సమత. సమత చేతులు కట్టుకునేది కూడా కాదు. వాళ్ళది కృష్ణా జిల్లా, వాళ్ళ నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు, యూనియన్ మనిషి. దేవుడు లేడు అని వాళ్ళింట్లో అందరికీ తెలుసు. మా ఇంట్లో ఉన్నాడని అందరికీ తెలిసినట్టే.

ఒకరోజు వరండాలో మంచినీళ్ళ కుండ మీద గ్లాసు కనబడలేదు. స్టీలు గ్లాసు, బడి పేరు చెక్కి ఉండేది. ఇంత పెద్ద ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్ళో ఒక గ్లాసు పోవడం పెద్ద విషయం కాదు గానీ, బడికి ఉన్నది ఆ ఒక్కటే. మేమందరం దోసిలి పట్టి తాగాం, బట్టలు తడుపుకున్నాం. రెండో రోజు అప్పలరాజు మాస్టారు మా తరగతిని మొత్తం వరసగా స్టాఫ్‌రూముకి నడిపించారు. అక్కడ ఒక మూల బల్ల మీద సింహాద్రి అప్పన్న పటం, దాని ముందు దీపం, పూలు, అగరొత్తులు. ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించారు.

"నాను పోలీసోడ్ని కాను. నా దగ్గర లాఠీ లేదు. అప్పన్న ఉన్నాడు. ఆయనకి లాఠీ అక్కర్లేదు," అన్నారు. "గ్లాసు తీసినోళ్ళు ఇప్పుడే సెప్పీయండి, నానేటీ అనను. లేదంటే కర్పూరం మీద సెయ్యెట్టి, నాను తియ్యలేదు అని సెప్పండి."

ఎవరూ ముందుకి రాలేదు. వరస కదిలింది. ఒక్కొక్కరూ పటం ముందుకి వెళ్ళడం, కళ్ళు గట్టిగా మూసుకోవడం, మంట మీద అరచెయ్యి ఆడించడం, "నేను తియ్యలేదు," అనడం, పక్కకి రావడం. నాకు చెయ్యి కాలుతుందన్న భయం తప్ప దేవుడి భయం గుర్తులేదు. షాహీన్‌నీ, ఇద్దరు చర్చి పిల్లల్నీ లోపలికి పిలవలేదు. మాస్టారు ఈ విషయంలో చాలా పద్ధతి మనిషి. "మీ దేముడు మీకున్నాడు, మీరు ఇక్కడే సెప్పండమ్మా," అని వాళ్ళని వరండాలో నిలబెట్టి ఎవరి దేవుడి పేరు వాళ్ళ చేత చెప్పించారు. చివరికి గుమ్మంలో సమత మిగిలింది.

"రా పిల్లా."

"నేను తియ్యలేదు సార్."

"అదే, దేముడి దగ్గరకొచ్చి సెప్పు."

"దేవుడు లేడు కదండీ."

స్టాఫ్‌రూములో ఇంగ్లీషు టీచరు దగ్గు వచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు కోప్పడలేదు. ఆలోచించారు. "సరే. మీయమ్మ మీద ఒట్టెయ్యి," అన్నారు.

"మా అమ్మకేం సంబంధం సార్? ఆవిడ ఇంట్లో ఉంది."

"మరి ఇంక నాను నిన్నెలా నమ్మను?"

"చెప్పాను కదండీ, తియ్యలేదని," అంది సమత. అంతకన్నా ఆ పిల్ల దగ్గర వేరే మాట లేదు. మాస్టారి దగ్గర వేరే దేవుడూ లేడు. ఇంతలో గంట కొట్టేశారు.

సమతకి శిక్ష ఏమీ వేయలేదు. వేయక్కర్లేకపోయింది. ఒట్టు వేసినవాళ్ళందరూ తియ్యలేదు కాబట్టి, వేయనిది ఒక్కతే కాబట్టి, లెక్క తేలిపోయింది. మర్నాటి నుంచి ఆ పిల్ల కుండ దగ్గరికి వస్తే పిల్లలు పక్కకి తప్పుకునేవారు. ఇంటర్వెల్లో బయటికి వెళ్ళేటప్పుడు ఎవరి పెన్సిల్ పెట్టె వాళ్ళు వెంట తీసుకెళ్ళేవారు. "దొంగ" అని ఎవరూ అనలేదు, నీతి పాఠం ప్రకారం అలా అనకూడదు. సమత ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఒక్కసారి ఒట్టేసేస్తే పోయేది కదా అని అడిగాను. "ఒకసారి చెప్పాను కదే, మళ్ళీ ఎందుకు?" అంది. మీ నాన్నతో చెప్పు, ఆయన వచ్చి మాట్లాడతారు అంటే భయపడింది. "వద్దు. ఆయనొస్తే గేటు దగ్గర నిలబడి ఉపన్యాసం ఇస్తాడు. దానికంటే ఇదే నయం," అంది. కానీ ఆ వారం నోటుపుస్తకంలో తన రాత చాలా చిన్నదైపోయింది. అక్షరాలు ఎవరికీ కనబడకుండా దాక్కుంటున్నట్టు రాసేది. పక్కన కూర్చున్నాను కాబట్టి చూశాను.

ఇంట్లో అన్నం దగ్గర మామ్మకి చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విని, "దేవుడు లేడన్న పిల్ల ఒట్టుకెందుకే భయపడ్డం? హాయిగా వేసేసి పోవచ్చుగా?" అంది. "వేయలేదంటే ఆ పిల్ల తియ్యలేదన్నమాట. తీసిందాని నోట్లోంచి ఒట్టు గబుక్కున వస్తుంది. నాకు తెలీదూ?" కూరల బుట్టల దగ్గర ఒక జీవితకాలం గడిపిన మనిషి మాట అది. మా నాన్న గొంతులో నీళ్ళు అడ్డం పడ్డాయి.

మరుసటి శుక్రవారం గ్లాసు దొరికింది. ఆయా పైడమ్మ స్టాఫ్‌రూములో అప్పన్న పటం తుడుస్తూ, అగరొత్తులు గుచ్చిన బియ్యం మార్చడానికి వొంపింది. ఆ బియ్యం పోసి ఉన్నదే మా గ్లాసు. పాత అగరొత్తుల స్టాండు విరిగిపోతే పైడమ్మే పట్టుకొచ్చి పెట్టి, దేవుడి పనికి కదా అని ఎవరికీ చెప్పలేదు. గ్లాసు ఒళ్ళంతా కుంకుమ, బూడిద. అయినా బడి పేరు కనబడుతూనే ఉంది. కర్పూరం పళ్ళెం పక్కనే ఉంది అది. తరగతిలో నలుగురు తప్ప అందరం దాని ముందు నిలబడి, అది మేము తియ్యలేదని ఒట్టు వేశాం. ఒక్కరికీ కనబడలేదు. దేవుడి ముందు కళ్ళు మూసుకోవాలని మాకు చిన్నప్పుడే నేర్పారు. సమత లోపలికి వచ్చి ఉంటే కళ్ళు తెరిచే ఉంచేది, గ్లాసు ఆ రోజే దొరికేది.

అప్పలరాజు మాస్టారు తరగతికి వచ్చి గ్లాసు బల్ల మీద పెట్టారు. "సూసారా, ఎక్కడికీ పోలేదు. అప్పన్న దగ్గరే ఉంది," అన్నారు. దీన్ని ఆయన దేవుడున్నాడనడానికి రుజువుగా తీసుకున్నారు, ఇంకో నీతి పీరియడ్ దాని మీదే చెప్పారు. సమతతో ఏమీ అనలేదు. అయితే తర్వాత ఎప్పుడో డస్టరు పోయి మళ్ళీ కర్పూరం వెలిగించినప్పుడు, మాస్టారు గుమ్మం దగ్గరికి వచ్చి, "నువ్వు సెప్పు తల్లీ," అన్నారు. "తియ్యలేదు సార్," అంది సమత. "సరే, పో," అన్నారు. అంతే. షాహీన్‌కి ఇది నచ్చలేదు. "సార్, నేను కూడా అలాగే ఊరికే చెప్తాను," అంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "మీకు దేముడున్నాడు కదమ్మా. మీకలా కుదరదు," అన్నారు.

అప్పటికీ ఇప్పటికీ ఏం తేడా అంటే నాకు సరిగ్గా తెలియదు. అప్పుడు బడిలో దేవుడు ఉండేవాడు, గ్లాసులు పోయేవి. ఇప్పుడు మా హన్విక బడిలో పటాలు లేవు, శ్లోకం లేదు, స్కూటర్ మీద పచ్చసొన పడుతుంది. ఒట్టు మాత్రం అలాగే ఉంది. దేవుడి స్థానంలో అమ్మని పెట్టారు. దేవుడికైతే ఏమీ కాదు, ఆ ధైర్యం ఉండేది మాకు. ఇప్పుడు ఆ మంట మీద పెట్టింది నన్ను. సమత నాన్న ఈ మార్పుని అభివృద్ధి అంటాడో లేదో అడగాలని ఉంది. వాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు, ఎక్కడున్నారో తెలియదు.

చివరికి మా పిల్లకి జడ వేస్తూ చెప్పాను. నువ్వు అబద్ధం చెప్పావు కాబట్టి టీచర్ ఊరికే అందర్నీ అనుమానించింది, ఆ స్కూటర్ సీటు ఆవిడే తుడుచుకుంది, అది తప్పు, వెళ్ళి చెప్పాలి అన్నాను. దేవుడు రాకుండా నీతి శుభ్రంగా చెప్పాననుకున్నాను. హన్విక అంతా విని, "చెప్తే నీకేం కాదా?" అంది.

"చెప్పినా చెప్పకపోయినా నాకేం కాదే."

"చెప్తే అస్సలు కాదా?"

అద్దంలో దాని మొహం చూశాను. కళ్ళ కింద చిన్నగా నలుపు. వారం నుంచి సరిగ్గా తినడం లేదు. "చెప్తే అస్సలు కాదు," అన్నాను. దేవుణ్ణి బయటికి పంపించి ఆయన కుర్చీలో నేను కూర్చున్నానని తెలుసు. వేరే కుర్చీ కనబడలేదు.

ఇద్దరం బడికి వెళ్ళాం. దాని టీచర్ రమ్య, నాకంటే చిన్నది, స్టాండు వేసి స్కూటర్ ఆపుతోంది. ఇప్పుడు వేప చెట్టు కింద పెడుతోంది. హన్విక నా చెయ్యి వదిలి ముందుకి వెళ్ళి, "గుడ్డు నేనే పడేశాను టీచర్. అమ్మ తోడు అని అబద్ధం చెప్పాను. అమ్మకేం కాకూడదు," అని ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆవిడ మొహం ఎర్రబడింది. కోపంతో కాదు. "అయ్యో, నేనది అప్పుడే మర్చిపోయానమ్మా," అని, నా వైపు చూసి, "ఏదో అలవాటుగా అనిపించేస్తాం మేడం, ఇంతలా తీసుకుంటారనుకోలేదు," అంది. పచ్చసొన తినకపోతే పళ్ళెంలో వదిలెయ్యమంది. దాని తల నిమిరింది. అంతటితో వదిలేస్తే బాగుండేది. కానీ ఆవిడ కూడా మన బడుల్లాంటి బడుల్లోనే చదువుకుంది కదా, వంగి, "ఇంకెప్పుడూ అబద్ధం చెప్పవు కదా? ఒట్టు?" అంది.

హన్విక వెనక్కి తిరిగి నన్ను చూసింది. కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా, నాలో ఇంకా ఏమాత్రం మిగిలి ఉందో లెక్క వేస్తున్నట్టు చూసింది. తర్వాత టీచర్ వైపు తిరిగి, "నాన్న తోడు," అంది.

ప్రార్థన గంట కొట్టేలోగా దాన్ని పక్కకి లాగి, నాన్న ఎందుకే అని అడిగాను. "నాన్నకి హెల్మెట్ ఉంది కదమ్మా," అని, చాలా రోజుల తర్వాత తేలిగ్గా, పరిగెత్తుకుంటూ వరసలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం మొత్తం తిన్నదట.

నేను గేటు బయటికి వచ్చి, అడ్డంగా ఉన్న కారు పక్కనుంచి దూరి, రోడ్డు మీద నిలబడ్డాను. పిల్ల ఎన్నాళ్ళు అబద్ధం చెప్పకుండా ఉండగలదో ఆలోచించాను. ఏడేళ్ళ పిల్ల. సాయంత్రానికి పాలు తాగానంటుంది. శ్రీనుకి ఫోన్ చేశాను. వెనక ప్లాంటు హోరు వినిపిస్తోంది.

"ఏటి? పని మీదున్నాను."

"హెల్మెట్ పెట్టుకున్నారా?"

"ఎట్టుకోకపోతే లోపలికి రానిత్తారేటి? ఏటైంది?"

"ఏం కాలేదు," అన్నాను. "ఇంటికొచ్చేదాకా తియ్యకండి."